చక్రానికి పెట్టాల్సిన రాయి

ఆదోని పత్తి మిల్లులో మిషన్ల మధ్య పెరిగినవాణ్ణి. ఎనిమిదో తరగతి నన్ను వదిలేసింది, నేను స్పానరు పట్టుకున్నాను. ఆ స్పానరే నన్ను టాంజానియాలోని ఓ పత్తి మిల్లుకు ఫిట్టరుగా తీసుకుపోయింది. అక్కడ ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పెద్ద ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి.

మిల్లు సామానుకు టౌనుకు పోవాలంటే జంతువుల కోసం కాపాడుతున్న అడవి మీదుగానే దారి. బండి దిగరాదని గేటు దగ్గర బోర్డు ఉంటుంది. చదువు రానివాళ్ల కోసం బొమ్మ కూడా వేశారు. కాబట్టి నాకు తెలియదనడానికి లేదు.

ఒక మధ్యాహ్నం నేనూ అన్నా టౌనుకు పోతుంటే, అడవి నడుమ వ్యాను టైరు పంక్చరయింది. డ్రైవరు ఆ దేశం మనిషి. గార్డులకు ఫోను చేసి, వాళ్లు వచ్చేదాకా కదలొద్దన్నాడు. కానీ రోడ్డు వాలుగా ఉంది. మా ఊరి దగ్గర ఆస్పరి రోడ్డులో బండి ఆగితే మొదట చేసే పని, దిగి చక్రానికి రాయి పెట్టడం. నా కాళ్లు నన్ను అడక్కుండానే దిగాయి.

"యాడికిరా?" అన్నాడు అన్న.

"రాయి పెట్టొస్తాన్నా. బండి జారితే నీ బొజ్జ అడ్డం పెట్టాల్సొస్తాది."

పదడుగుల దూరంలో రాయి దొరికింది. దాని అవతల ఎండుగడ్డిలో, గడ్డి రంగులోనే ఒక ముఖం. ఆడసింహం.

మా వైపు కుక్క మీదికొస్తే, రాయి ఉన్నా లేకున్నా నేలకు వంగుతాం. వంగగానే అది పారిపోతుంది. నేనూ వంగాను.

సింహం లేచింది.

తల దించి ఒక అడుగు ముందుకేసింది. నా చెయ్యి రాయి మీదే ఉంది. డ్రైవరు గుసగుసగా చెప్పేది అన్న మన మాటలో చెబుతున్నాడు. "లెయ్యిరా నాయనా. వంగితే మేకనుకుంటాది. దాని కండ్లల్లోకే సూస్తా ఎనక్కి రా. ఉరికినావంటే సచ్చినావు."

లేచాను. నేనొక అడుగు వెనక్కి, అదొక అడుగు ముందుకు. ఉరుకుంద ఈరన్నకు ఏమేం మొక్కానో ఇప్పటికీ గుర్తులేదు. వీపుకు వ్యాను ఇనుము తగిలింది. అన్న చొక్కా పట్టి లోపలికి లాగి తలుపేశాడు. సింహం వచ్చి, నేను ముట్టిన రాయిని వాసన చూసింది. నాకు నవ్వులాట రాని రోజు అదొక్కటే.

సెలవుకు ఆదోని వచ్చినప్పుడు, సందులో కుక్క మా మీద మొరిగింది.

"వంగప్పా, పోతాది. సింహాల దేశం నుంచి వచ్చినావు, కుక్కకు బయమా?" అంది నా భార్య.

వంగలేకపోయాను. దాని కళ్లలోకే చూస్తూ సందు చివరిదాకా వెనక్కి నడిచాను. ఆమె వంగింది. కుక్క పోయింది.