పసుపు పూసిన హద్దురాయి

మొన్న వార్డు ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి, చేతిలోని పెద్ద ఫోనులో చూసుకుంటూ, మా ఇల్లు ఇకనుంచి పక్క వార్డు కిందికి వెళ్లిందని చెప్పింది. మోకాళ్ల నొప్పులతో గడప దాటడమే గగనమైన నేను, ఇంటిని వెంటబెట్టుకుని అంతదూరం ఎప్పుడు నడిచానా అని ఆశ్చర్యపోయాను. పెళ్లయి వచ్చిననాటి నుంచి ఒకే ఇంట్లో ఉంటూ నాలుగు చిరునామాలు మార్చిన ఘనురాలిని నేను. గ్రామం పురపాలకమైంది, పురం మహానగరమైంది. ఊరు పెరిగింది, నేనే తరిగాను.

మా అత్తగారివాళ్లు పాడి మీద బతికే మనుషులు. కంచన్‌బాగ్ దాటితే అంతా రాళ్లూ తుమ్మలే ఉన్న రోజుల్లో, పట్నంలో బర్లను కట్టేయడానికి జాగా చాలక పన్నెండు ఇళ్లవాళ్లు అక్కడికి వచ్చి, ముందు బావి తవ్వుకుని, ఆ తర్వాతే ఇళ్లు కట్టుకున్నారట. నేనేమో శాలిబండలో కుళాయి నీళ్లు తాగి పెరిగినదాన్ని. పాలు పిండడానికి బర్రెకు ఏ పక్క కూర్చోవాలో కూడా తెలియని నన్ను చూసి మా అత్తమ్మ రోజుకోసారైనా నిట్టూర్చేది.

ఆమె మెప్పు కోసం తొందరపడే ఊరికి ముప్పు తెచ్చాను. నేను కాపురానికి వచ్చిన ఏడాదే సర్కారువాళ్లు మా ఊరి హద్దు కొలవడానికి వచ్చారు. హద్దుకు అవతలి నేలకంతా కంచె పడుతుందని ముందే చెప్పారు. సర్వే సారు ఒక సాయంత్రం బావికి ఇవతల, వేపచెట్టు కింద, సున్నం కొట్టిన రాయొకటి గుర్తుకోసం పాతించి, పొద్దున బావి అవతలికి జరుపుదామని వెళ్లిపోయాడు. తెల్లారి నీళ్లకు వెళ్లిన నేను ఆ రాయిని చూసి, కొత్తగా పోచమ్మను నిలిపారనుకుని, అందరికంటే ముందు మొక్కితే అత్తమ్మ మెచ్చుకుంటుందని, ఇంట్లోంచి పసుపు కుంకుమలు తెచ్చి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి దండం పెట్టుకున్నాను. నా వెనక వచ్చిన ఆడవాళ్లు వేపమండలు పెట్టారు, గాజులు పెట్టారు. సారు వచ్చేసరికి రాయి కాస్తా అమ్మవారైపోయింది.

దాన్ని పెకిలించమంటే కూలీలు గడ్డపారలు కింద పెట్టేశారు. "పిల్లలు గల్లోన్ని సారూ, నాతోని కాదు" అన్నాడొకాయన. సారుకు కోపం వచ్చింది. మూలకు ఒక్కటే రాయి ఉంటుందనీ, ఇది కదలకపోతే హద్దు ఇక్కడేననీ, బావి కంచెలోకి పోతుందనీ తేల్చేశాడు. అన్ని బర్లకూ ఆ ఒక్క బావే దిక్కు. అందరూ నా వైపు చూశారు, నేను నేల వైపు చూశాను.

మా అత్తమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. కొంగు నడుముకు చుట్టి, బావి అవతలికి పోయి, ఒక బండరాయిని దొర్లించి నిలబెట్టింది.

"మూలకొక్కటే రాయంటివి గద సారూ. అది రాయి కాదాయె, పోచమ్మ అయిపాయె. నీ రాయి గిది. రాసుకో."

"గట్ల కుదరదమ్మా. నేను తీపిస్త."

ఆమె అతని వైపు చూడను కూడా లేదు. "ఏమే కోడలా, పసుపు ఇంకింత ఉన్నదా?" అని నన్ను కేకేసింది.

"ఆగు తల్లీ, ఆగు! ముందు నన్ను సున్నం కొట్టనియ్యి" అంటూ సారు పరుగెత్తుకొచ్చాడు.

అట్లా బావి మాకు దక్కింది. అత్తమ్మ ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లే తాగాం. ఇప్పుడు బర్లు లేవు, బావి మీద నాలుగంతస్తుల మేడ ఉంది. ఆనాడు హద్దు వేయాలంటే ఒక మనిషి మా ఊరికి రావలసి వచ్చేది, మా ఎండలో నిలబడి మా ఆడవాళ్ల చేత మాట పడవలసి వచ్చేది. ఇప్పటి గీతలు ఎక్కడో చల్లటి గదుల్లో పుడుతున్నాయి. లొల్లి చేద్దామన్నా ఎదుట మనిషే దొరకడు. అయినా సరే, ఆటో ఎక్కితే నేను మా ఊరి పాత పేరే చెబుతాను. తెలియదంటే దిగిపోయి, తెలిసినవాడు వచ్చేదాకా నిలబడతాను.