మారెప్ప మేకల దారి

నల్లమాడకు అవతల ఒక పల్లెలో మారెప్పను అడగనిదే ఎవరూ మేకను కొనరు. పళ్లు చూడడు, పొదుగు చూడడు, నాలుగడుగుల నడక చూసి తేల్చేస్తాడు. అంతటి మనిషికీ బడి మాత్రం అచ్చిరాలేదు. చిన్నప్పుడు కిటికీలోంచి తొంగిచూస్తే అప్పటి అయివారు బెత్తం ఎత్తి తరిమాడు. అరవై ఏళ్లొచ్చాక ఆ బడి ముందరి ఖాళీ బయలే అతనికి ఆధారమైంది. దాన్ని దాటితే మేకలకు నీళ్లతొట్టి. గుట్ట చుట్టి పోవాలంటే రెండు మైళ్లు, అదీ పట్టేసిన మోకాలితో!

ఎనభైనాలుగో సంవత్సరం వానాకాలంలో పిల్లలకు ఆ బయల్లో తోట వేయాలని బుద్ధి పుట్టింది. "మీ తోట, మీ ఇష్టం" అని హనుమంతరాయుడు అయివారు పక్కకు తప్పుకున్నాడు. తొమ్మిదో తరగతి యశోద ముగ్గుపిండితో నేలమీద తోట గీసింది. జామ, మునగ, చుట్టూ ముళ్లకంప. కంప గీత తన దారికి అడ్డంగా పోవడం చూసి మారెప్ప దగ్గరికొచ్చాడు.

"కంప ఎందుకు పాపా? మేకలు ముట్టని చెట్లే పెట్టుకోండి. నా దారి నాకిడిసిపెట్టండి."

ఏవి ముట్టవో చూద్దామని పిల్లలు తలా ఒక కొమ్మ తెచ్చి వరసగా పరిచారు. మారెప్ప మందను వదిలాడు. జామ, మునగ క్షణంలో మాయం! కానుగ, తంగేడు, సీతాఫలం వాసన చూసి వదిలేశాయి. పిల్లలు ఈలలు వేశారు. మారెప్ప లోలోపల మురిసిపోయాడు.

యశోద మాత్రం నవ్వలేదు. "తాతా, ఇప్పుడు యాడ చూసినా పచ్చగడ్డి ఉండాది. ఎండాకాలంలో గూడా ముట్టవా?"

ముట్టవంటే సరిపోయేది. కాదనేవాడెవడు? మారెప్ప మోకాలు రుద్దుకున్నాడు.

"ఆకలైతే తంగేడేంది పాపా, నా పంచె గూడా నమిలేస్తాయి."

"అయితే కంప ఎయ్యల్ల తాతా" అంటూ ఆ పిల్ల కంప గీతను మళ్లీ దిద్దింది.

దారి పోయిందని మారెప్పకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ బడిలో ఒకరు తనను ప్రశ్న అడిగి, చెప్పిన జవాబు నమ్మడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. మరుసటిరోజు మేకలను గుట్ట చుట్టి తోలి, నీళ్లు తాపి, కుంటుకుంటూ కొడవలితో వచ్చాడు. తానే కంప నరికి పేర్చాడు.

"ఈ మూలకు ఇంకా ఎత్తు పెట్టల్ల పాపా" అన్నాడు. "మా నల్లది దుముకుతాది."