అక్షరం చాటు ఇంటిపేరు

మాది రేపల్లె. నేతపని చేసే మా పూర్వీకులు తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు నూలు చాచి, గంజి పట్టించి, ఒక్క పోగు కూడా తెగకుండా కుంచెతో దువ్వేవాళ్లు. ఆ పనే మా ఇంటిపేరయింది. తెనాలిలో ఇంటర్లో చేరినప్పుడు దాన్ని ఒక్క అక్షరానికి కుదించేశాను. ఎవరైనా పూర్తిగా చెప్పమంటే మాట మార్చేవాణ్ణి. అందరూ అక్షరమే రాసుకునే చోట దాచుకోవడం తేలిక.

బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు ఒక ఇంగ్లీషు నవల పాఠంగా వచ్చింది. కథానాయకుడి ఇంటిపేరు నేనెక్కడా విననిది. అందులో దొరలూ దొరసానులూ అతన్ని ఆ ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఏదో రాజవంశం కాబోలనుకుని, అర్థం ఏంటని మేడమ్‌ను అడిగాను.

"దుప్పట్లు నేసేవాడని. వాళ్ల తాతల పని అది. ఇప్పుడా పేరున్నవాళ్లు చాలా తక్కువ," అన్నారు మేడమ్.

నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే. ఎక్కడో పరాయి దేశంలోని నేతగాడి పేరును నెల రోజులుగా ఠీవిగా పలుకుతున్నాను. మా తాతల ఇంటిపేరు పలకడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

ఇప్పుడు తెనాలిలో నేనే ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను. మొన్న మా గేటుకు పేరు రాయడానికి వచ్చిన పెయింటరు పలక కొలిచి చూసి, "ఇంటిపేరు మొత్తం పట్టదు సార్. అందరిలాగే ఒక్క అక్షరం వేసేద్దామండి," అన్నాడు.

"పెద్ద పలక తెండి," అన్నాను.