మూడు అవకాడోల కెమెరా

ఖోయి పెదనాన్నకు ఈ లోకంలో ఉన్న జబ్బు ఒక్కటే. కొత్త కెమెరా కొనాలి, ఏది కొనాలో తేలదు. మా కొండ ఊరు దలాత్‌కు వానాకాలం ఎలా వస్తుందో ఆయన కెమెరా కొనడం కూడా అలాగే వస్తుంది. ఏటా వస్తుంది, అందరినీ తడుపుతుంది, వెళ్ళిపోతుంది.

ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆయన తేల్చుకోలేకపోయేది నేను పనిచేసే కొట్లోనే మరి. సరస్సు నుంచి బజారుకు ఎక్కే మెట్ల పక్కన లోవన్ అక్క కెమెరాల కొట్టు ఉంది. అక్కడ నేను అద్దాలు తుడుస్తాను, టీ కాస్తాను, ఎవరైనా పలకరిస్తే తల వంచుకుంటాను. తల వంచుకున్న మనిషి ముందు అందరూ అన్నీ మాట్లాడతారు. అందుకని నాకు ఊళ్ళో చాలా సంగతులు తెలుసు.

పెదనాన్న ఒకప్పుడు సరస్సు గట్టున ఫోటోలు తీసేవాడు. పెళ్ళయి ఊరు చూడటానికి వచ్చిన కొత్త జంటలను గుర్రం మీద కూర్చోబెట్టి, పెళ్ళికొడుకు భయాన్ని దర్పంలా కనిపించేట్టు తీయడంలో ఆయన దిట్ట. తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. గుర్రం పని మిగిలింది, ఆయన పని పోయింది. ఆయన పాత కెమెరా ఇప్పుడు మీట నొక్కాక కాసేపు ఆలోచించుకుని గానీ ఫోటో తీయదు. యజమానిని చూసి నేర్చుకుందంటుంది లోవన్ అక్క.

పెదనాన్న పొద్దున్నే కొట్టు తెరవగానే వచ్చి అద్దాల బీరువా ముందు నిలబడతాడు. పై అరలో పెద్ద కెమెరా, కింది అరలో చిన్నది. పెద్దది చీకటి గదిలో కూడా మనిషి కంటిని తనంతట తానే వెతికి పట్టుకుంటుంది. పెదనాన్నకు చూపు మసకబారుతోంది కాబట్టి అది కావాలి. కానీ ఇటుకంత బరువు. కెమెరాలు మోసీ మోసీ ఆయన కుడి భుజం ఎప్పుడో కిందికి దిగిపోయింది, దూరం నుంచి చూస్తే ఎవరినో వాలి పలకరిస్తున్నట్టు ఉంటాడు. చిన్నదేమో అరచేతిలో ఇమిడిపోతుంది, కానీ చీకట్లో దానికీ ఆయనకీ ఒకేలా కనిపిస్తుంది.

ఒకసారి నేను అద్దం తుడుస్తుంటే నాతో అన్నాడు. "పెద్దది కొంటే మొహాలు, మియెన్. చిన్నది కొంటే కొండ."

ఊరి పైన దేవదారుల కొండ మీద, కొత్త ఏడాది టెట్ పండుగకు ముందు అడవి చెర్రీలు పూస్తాయి. పెళ్ళయిన కొత్తలో పెద్దమ్మను వెంటబెట్టుకుని తెల్లారేసరికి అక్కడికి చేరుకునేవాడట. మంచు విడిపోయే లోపల ఆ పూలు గులాబీ రంగులో ఉండవట, ఇంకా పేరు పెట్టని రంగులో ఉంటాయట. భుజం పాడయ్యాక మళ్ళీ ఎక్కలేదు. చెబుతూ చెబుతూ కింది అరలోకి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఎనిమిదో తరగతి సగంలో నేను మానేసిన బడి ముందు నుంచి వెళ్ళేటప్పుడు నేనూ అలాగే చూస్తాను. కాళ్ళు ముందుకే పోతుంటాయి, మెడ మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది.

అయితే జాలి పడే తీరిక ఆయన ఎవరికీ ఇవ్వడు. వెంటనే తూకానికి బయలుదేరతాడు.

తూకం మా అమ్మమ్మ దగ్గర. దిగువ బజారులో ఆమెది కూరగాయల కొట్టు. పెదనాన్న వెళ్ళి, పెద్దక్కా, ఇవాళ ఒక పెద్ద కెమెరా కట్టు అంటాడు. అమ్మమ్మ తక్కెడలో మూడు అవకాడోలు, ఒక ముల్లంగి, పైన సరిపెట్టడానికి రెండు క్యారెట్లు వేస్తుంది. పెద్ద కెమెరా అంటే అంతే. చిన్నదంటే ఒక అవకాడో, ఒక టమాటా. ఆ మూట భుజానికి తగిలించుకుని రోజంతా ఊరు తిరుగుతాడు. భుజం ఒప్పుకుంటే కొనేస్తాడన్నమాట. తిరుగుడులో ముల్లంగిని ఎవరికో ఇచ్చేస్తాడు, తూకం తప్పుతుంది. లేదా అవకాడోలు మగ్గిపోతాయి.

"ఏమైంది పెదనాన్నా, భుజం ఏమంటోంది?" అని అడిగాను ఒక రోజు.

"భుజం ఒప్పుకుంది తల్లీ. మీ పెద్దమ్మే, లెన్సు తరిగి పులుసులో వేసింది. మళ్ళీ మొదటి నుంచి మోయాలి."

అమ్మమ్మకు ఆయన్ను చూస్తే నోరు ఊరుకోదు. "ఏవయ్యా ఖోయీ, ఇన్నేళ్ళుగా నువ్వు తిన్న కెమెరాలతో ఒక కొట్టు పెట్టొచ్చు," అంటుంది. ఆయన మొహం చిన్నబుచ్చుకోడు. ఇంకో క్యారెట్టు వేయమంటాడు, కెమెరా సంచీ బరువు లెక్కలోకి రాలేదని.

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. కొనాలనుకున్నవాళ్ళు నమూనా కెమెరాను ఒక పూట బయటికి తీసుకెళ్ళి పరీక్షించుకోవచ్చు. అందరూ ఒకసారి తీసుకెళ్తారు, కొంటారు, లేదా మానుకుంటారు. పెదనాన్న వారం వారం తీసుకెళ్తాడు. ఒక వారం పెద్దది, ఒక వారం చిన్నది. పైగా పరీక్ష ముసలివాళ్ళ మీదే చేస్తాడు.

"కుర్రాళ్ళ మొహాల్లో ఏముంది, అరటితొక్క," అనేవాడు. "కెమెరా సత్తా తేలాలంటే ముడతలుండాలి."

పూలతోటల వాడకు వెళ్ళి, చామంతుల మధ్య కలుపు తీస్తున్న ఏ తాతనో పట్టుకుంటాడు. ఒక్క నిమిషం కూర్చో, ఇది ఫోటో కాదు, పరీక్ష అంటాడు. కిటికీ వైపు తిప్పి కూర్చోబెడతాడు. కాలరు సర్దుతాడు. నీకు బాగా కోపం తెప్పించిన మనిషిని తిట్టు, కెమెరా వినాలి అంటాడు. తాత తిడతాడు, తిట్టాక తేలికపడి నవ్వుతాడు, అప్పుడు నొక్కుతాడు. సాయంత్రం కొట్లో తెర మీద పెట్టి చూసి, నుదురు ముడిచి, ప్రతిసారీ ఒకటే మాట. "అంచులు మెత్తగా వచ్చాయి. ఇంకా ఆలోచించాలి." కాగితం మీద చూస్తే గానీ తేలదని పెద్ద సైజులో అచ్చు వేయించి, చంకలో పెట్టుకుని పోతాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇళ్ళలో పోయినవాళ్ళకు పూజ అర మీద ఫోటో ఉంటుంది. రోజూ అగరుబత్తి వెలిగించి పలకరిస్తాం. ముందుచూపు ఉన్నవాళ్ళు బతికుండగానే మంచి బట్టలు కట్టుకుని ఆ ఫోటో తీయించి పెట్టుకుంటారు. మా అమ్మకు అంత వ్యవధి దొరకలేదు. ఎవరిదో పెళ్ళి ఫోటోలో వెనక వరసలో చిక్కుడు గింజంత ఉన్న అమ్మ మొహాన్ని పెద్దది చేయించాం. స్టూడియో వాడు దానికి తనకు నచ్చిన పెదవులు, ఎవరిదో కాలరు అతికించాడు. ఆ ఫోటోలో ఉన్నావిడ మా అమ్మకు దూరపు బంధువులా ఉంటుంది. నేను పొద్దున్నే ఆవిడకు మర్యాదగా నమస్కారం పెడతాను. అమ్మ కోసం ఆ మొహమంతా వెతుకుతాను, ఇప్పటికీ.

అందుకే పోయిన వానల్లో అమ్మమ్మకు దగ్గు పట్టి వదలనప్పుడు, ఫోటో తీయించుకోమని అడిగాను. నేను నోరు తెరిచి అడగడమే గొప్ప. అమ్మమ్మ ముల్లంగి ఆకులు తుంచుతూ అంది. "ఫోటో తీయించుకున్న ముసలాళ్ళంతా ఏడాది తిరక్కుండా గోడెక్కారు. నాకింకా కింద చాలా పనుంది."

పెదనాన్న కూడా ఒకసారి పరీక్ష అంటూ ఆమె ముందు కెమెరా ఎత్తాడు. నా తక్కెడకు నువ్వు పెట్టే పరీక్ష చాలదా అని ముల్లంగి ఎత్తింది. ఆయన వెనక్కి తగ్గాడు.

టెట్ దగ్గర పడుతుండగా లోవన్ అక్కకు ఓపిక అయిపోయింది. పెద్ద కెమెరా ఆ వారం కోడి ఈకతో తిరిగొచ్చింది. అంతకుముందు చిన్న నమూనా కెమెరాను కొనుక్కున్న ఒకాయన ఇంటికెళ్ళి తెరిచి చూస్తే, లోపల ఎవరో పళ్ళులేని తాత నవ్వుతున్నాడట. అక్క బీరువాకు తాళం వేసి తాళంచెవి మెడలో వేసుకుంది.

"బాబాయ్, వచ్చే శనివారం లోపల ఏదో ఒకటి కొను. కొనకపోతే మానెయ్. బయటికిచ్చేది మాత్రం లేదిక."

కొనాలని పరితపించిపోయే మనిషి ఆ మాటకు ఉలిక్కిపడ్డాడు. తలుపు దగ్గర చెప్పులు వెతుక్కున్నాడు, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. తేల్చుకోలేక పోతున్నాడని అక్క అనుకుంది. నేనూ అప్పటికి అదే అనుకున్నాను.

ఆ వారంలోనే పూలతోటల వాడలో తువాన్ తాత పోయాడు. ఊరి కోపిష్ఠి ఆయన. అమ్మమ్మతో కలిసి పళ్ళు పట్టుకుని వెళ్ళాను. అగరుపొగ వెనక అర మీద ఆయన ఫోటో చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. తాత నవ్వుతున్నాడు, అప్పుడే ఎవరినో కడుపునిండా తిట్టినట్టు. ఆ నవ్వును నేను మా కొట్లో తెర మీద చూశాను. అంచులు మెత్తగా వచ్చాయని పెదనాన్న పెదవి విరిచిన ఫోటో అది. అంచులు ఎక్కడా మెత్తగా లేవు. చెవి మీది వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.

తాత కూతురు కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది, ఫోటో మాటెత్తితే నాన్న చెప్పు తీసేవాడని. ఇదేదో పరీక్షలో పాడైపోయిన కాగితం, పారేయడం ఎందుకని ఖోయి పెదనాన్న ఇచ్చి వెళ్ళాడని. పక్కింటి ఆవిడ అందుకుంది, వాళ్ళ అత్తగారిదీ అలాగే పాడైపోయిందట. ఇంకొకరి నాన్నదీ పాడైపోయిందట. ఆ వీధిలో అంత బాగా పాడైపోయిన ఫోటోలు చాలానే ఉన్నాయి.

అమ్మమ్మ ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. బయటికొచ్చాక ఒక్క మాటే అంది. "కాలరు తిన్నగా ఉంది."

శనివారం పెదనాన్న శుభ్రంగా గడ్డం గీసుకుని వచ్చాడు. కలలు కన్న కెమెరా ఇంటికి తీసుకెళ్ళే రోజు మొహం పెళ్ళికొడుకులా ఉండాలి. ఆయన పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"పెద్దదే కట్టెయ్యమ్మా," అన్నాడు. మళ్ళీ కింది అర వైపు చూశాడు. "కొండ ఎక్కడికీ పోదులే."

అక్క తాళం తీసింది. నా చేతిలో తుడిచే గుడ్డ ఉంది. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టాను, విప్పాను, మళ్ళీ పెట్టాను. అప్పుడు నా గొంతు నాకే వినిపించింది.

"అక్కా, ఆయన కొనేస్తే ఇక అది పరీక్ష అవదు."

"ఏంటే?"

"ఫోటో అవుతుంది. ఫోటో అంటే ముసలాళ్ళు కూర్చోరు."

తువాన్ తాత ఇంట్లో చూసింది చెప్పాను. నేను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అక్క ఎన్నడూ వినలేదు. పెదనాన్న చొక్కా అంచుతో అద్దం తుడవడం మొదలుపెట్టాడు, నేను అప్పుడే తుడిచిన అద్దాన్ని. "నిజంగానే తేలలేదమ్మా," అన్నాడు చివరికి, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "రెండూ కావాలి నాకు. ఎటూ తేలని రోజుల్ని ఊరికే పారేయడం ఎందుకని..."

అక్క ఏదో అనబోయింది. అప్పుడే తలుపు గంట మోగింది.

అమ్మమ్మ. ముదురు ఊదారంగు మఖ్మలు పొడుగంగీ, మెడలో ముత్యాలు, నూనె రాసి బిగించి దువ్విన ముడి. అమ్మ పెళ్ళికి వేసుకుందట, ఆ అంగీ పెట్టె దిగడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఈ మనిషికి తేలడం లేదని బజారంతా గోల. ఏదో పెళ్ళికి వెళ్తూ, సాయం చేద్దామని ఆగాను," అంది. ఆ రోజు ఊళ్ళో పెళ్ళిళ్ళు లేవు. కిటికీ పక్కన కుర్చీ తనే లాక్కుని కూర్చుంది. "తువాన్‌ది పరీక్ష బాగానే వచ్చింది. నా కాలరు కూడా చూడు."

పెదనాన్న ఆమె కాలరు సర్దాడు. ముందు పెద్ద కెమెరాతో తీశాడు. అమ్మమ్మ తక్కెడ ముల్లు చూసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది, కదలకుండా, ఎవరినీ నమ్మకుండా. తర్వాత చిన్నది ఎత్తాడు.

"అది ఒక అవకాడో, ఒక టమాటా కదూ?" అంది అమ్మమ్మ.

"టమాటా నిన్న కుళ్ళిపోయింది పెద్దక్కా. కెమెరా ఇప్పుడింకా తేలిక."

అమ్మమ్మకు నవ్వొచ్చేసింది. ఆయన నొక్కాడు.

తెర మీద రెండూ పక్కపక్కన పెట్టాం. పెద్దదానిలో ప్రతి ముడతా ఉంది, కళ్ళలో కిటికీ కూడా ఉంది. చిన్నదాని వెలుగు అంత గొప్పగా లేదు. కానీ ఆ నవ్వులో పెదవి ఎడమ మూల కొద్దిగా పైకి లేచింది, వంకరగా. అది మా అమ్మ నవ్వు. స్టూడియో వాడు సరిచేసి పారేసిన వంకర అదే. ఇన్నేళ్ళూ అర మీద వెతికాను, అది కూరగాయల కొట్లో ఉంది.

ఏది అచ్చు వేయమంటారని లోవన్ అక్క అడిగింది. అమ్మమ్మ మెడ ముందుకు చాచి అదీ ఇదీ చూసింది.

"రెండూ వెయ్యి. ఏది గోడకో తేలడం లేదు. అది తేలేదాకా నేను పోవడానికి లేదు."

అక్క పెద్ద కెమెరాను మళ్ళీ పై అరలో పెట్టింది, చిన్నదాన్ని పెదనాన్న చేతిలో. కొండకు కూడా ముడతలుంటాయి కదా బాబాయ్, రేపు దాని మీద పరీక్షించి రా అంది. తాళంచెవి మెడలోంచి తీసి మేకుకు తగిలించింది. పెదనాన్న ఆ కెమెరాను అరచేతిలో ఎగరేసి చూసుకుని, సంచీతో కలిపి ఒకసారి తూచి చూద్దామా పెద్దక్కా అన్నాడు. మఖ్మలు అంగీతోనే అమ్మమ్మ దిగువ బజారుకు దారి తీసింది.

టెట్ వెళ్ళి చాలా కాలమైంది. పెద్ద కెమెరా పై అరలోనే ఉంది, చిన్నది కింద, వారం వారం ఏదో ఒకటి పరీక్షకు వెళ్తూనే ఉంది. అమ్మమ్మ దగ్గు తగ్గింది. నిన్న బియ్యం డబ్బా మీద తన ఫోటోలు రెండూ నిలబెట్టి, ముల్లంగి తరగడం ఆపి, తల అటూ ఇటూ వంచి చూసింది.

"అంచులు మెత్తగా వచ్చాయి," అంది నాతో. "ఇంకా ఆలోచించాలి."