దొనలో తలంటు

ఒక్క రూపాయి షాంపూ ప్యాకెట్టుతో ఒక కొండను, ముప్పై మేకలను, కుదరబోయే పెళ్ళి సంబంధాన్ని ఒకే పూటలో దాదాపు చెడగొట్టిన ఘనుడు మా కర్నూలు జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. ఆ మహానుభావుణ్ణి చూడాలని ఉంటే మీరు ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. ఈ కథ చెబుతున్నవాడే.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. కర్నూల్లో ఉద్యోగం, ఇరవైయొక్క గేర్ల కొత్త సైకిలు, బుర్ర నిండా గాలి. సైకిలు కొన్న నాటి నుంచి పక్క వీధి టీ కొట్టుకు కూడా హెల్మెట్ పెట్టుకునే వెళ్ళేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఓర్వకల్లు దగ్గర ఒక ఊళ్ళో సంబంధం చూశారు. అమ్మాయి పేరు సునంద, నర్సు. వాళ్ళ నాన్న యేసోబు గారు చర్చి పెద్ద. ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. ఈ సంబంధం తప్పిపోతే నా బతుకు ఇంతేనని గట్టిగా అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నారు. అమ్మానాన్నలు బస్సెక్కారు. నేను మాత్రం రోడ్డు వదిలేసి, కొండ మీది అడవి దారిలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి వీరుడిలా వాళ్ళ వాకిట్లో దిగాలని పథకం వేశాను.

"అల్లుడు కావాల్సినోడివి, దొంగ మాదిరి కొండెనక నుంచి పోతావేమిరా?" అంది అమ్మ. వింటే కదా!

ఆ దారి మేకలు వేసుకున్న దారి. మేకకు నాలుగు కాళ్ళు, నాకు రెండే చక్రాలు. లెక్కలోనే తేడా ఉంది. ఎక్కేటప్పుడు నేను సైకిల్ని మోశాను, దిగేటప్పుడు అది నన్ను విసిరేసింది. మూడుసార్లు పడ్డాను. మూడోసారి ముళ్ళపొదలో. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొండ సగం కూడా దాటకముందే ఆన్‌లైన్‌లో పెట్టబోయే ఫోటోకి శీర్షిక మాత్రం ఆలోచించి ఉంచుకున్నాను.

హెల్మెట్ ఎక్కడో ఊడిపడింది, తల నిండా ఎర్రమట్టి. ఈ అవతారంతో సునంద ముందుకు ఎలా వెళ్ళడం? అప్పుడు కనిపించింది దొన. రెండు బండల మధ్య, పెద్ద కాగు పట్టేంత గుంతలో చల్లటి వాననీళ్ళు. పక్కనే పొదకు తాడుతో వేలాడుతున్న పాత రేకు డబ్బా.

మనం ప్రకృతి ప్రేమికులం కదా! డబ్బాను బూటుతో చదునుగా తొక్కి, 'కొండలను శుభ్రంగా ఉంచుదాం' అని దానితో ఫోటో దిగి, ఆ తర్వాత దొనలో తల ముంచి, జేబులోని షాంపూ ప్యాకెట్టు చింపి రుద్దుకున్నాను. మిగిలిన నురుగుతో సైకిలు చక్రాలు కూడా కడిగాను. శుభ్రతంటే నాకు అంత పట్టుదల.

గంటల చప్పుడు వినిపించింది. మేకలు. ముందున్నది దొన దగ్గరికొచ్చి నురుగు వాసన చూసింది, తుమ్మింది, తల ఎత్తి నా వంక చూసింది. వెనకాల ఇరవై తొమ్మిదీ చూశాయి. వాటి వెనకాల కర్ర పట్టుకున్న ఒక ముసలామె చూసింది.

"ఎవురప్పా నువ్వు? ఈడ ఏం చేస్తాండావు?"

"స్నానం అవ్వా."

"డబ్బా యాడ?"

"ఆ చెత్తా? తొక్కి పారేశాను. కొండ శుభ్రంగా ఉండాలి కదా!"

"ఈ కొండ మీద తాగే నీళ్ళు ఈ దొనలోనే ఉండాయి. మా తాతల కాడి నుంచి ఎవురూ దీంట్లో ఏలు కూడా పెట్టలే. ఆ డబ్బాతోనే ముంచి, ఆ రాతితొట్లో పోసి మేకలకు తాపుతాం, మేమూ తాగుతాం. నువ్వు తలంటు పోసుకున్నావు. శానా శుభ్రం చేసినావులే."

అక్కడ క్షమించమని అడిగి ఉంటే ఈ కథే లేదు. కానీ పొగరు ఊరుకుంటుందా? "నేనెవరో తెలుసా? యేసోబు గారింటికి కాబోయే అల్లుణ్ణి!" అన్నాను.

"ఏ యేసోబు?"

"చర్చి పెద్ద."

ఆమె బండ మీద నింపాదిగా కూర్చుంది. "వాణ్ణి కన్నది నేనేప్పా."

పోరాని చోటికి పోతే రారాని జేజి వచ్చింది. అంటే సునందకు నాయనమ్మ, మా వైపు మాటలో జేజి. మరుక్షణం నుంచి "జేజీ" అని పిలవడం మొదలుపెట్టాను. జేజి కరగలేదు. డబ్బాను రాతితో కొట్టి సరిచేయించింది. దొనలో నీళ్ళన్నీ తోడించి, బండ కడిగించింది. కింద బోరు దగ్గర క్యాన్లు ఉన్నాయంది. హ్యాండిలుకు చెరొక క్యాను కట్టుకుని, ఆ ఇరవైయొక్క గేర్ల బండిని కొండ మీదికి నాలుగుసార్లు నెట్టాను. ఒక్క గేరూ పనికిరాలేదు. చివరి మేక తాగేదాకా నన్ను వదల్లేదు.

"జేజీ, ఇంట్లో చెప్పొద్దు. సంబంధం పోతుంది. సునందంటే నాకు శానా ఇష్టం," అని బతిమాలాను.

ఆమె కర్రతో దారి చూపించింది. "నరమానవునికి చెప్పనులే. పో."

నేను చేరేసరికి రెండున్నర. అందరూ ఆకలితో నా కోసమే కూర్చుని ఉన్నారు.

"ఏమప్పా, ఇంత ఆలస్యం?" అన్నారు యేసోబు గారు.

"పంచరు పడిందండీ."

సునంద గాలి నిండుగా ఉన్న నా చక్రాలను చూసింది. ఆ తర్వాత నా జుట్టులో ఎండిపోయిన నురుగును చూసింది. నా వెనకాలే మేకలను తోలుకొచ్చి ఆ పంచరు మాట విన్న జేజి కూడా వచ్చి కూర్చుంది. ముద్ద కలపబోతుంటే యేసోబు గారు, "అమ్మా, ప్రార్థన చెయ్," అన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం.

"ప్రేమగల తండ్రీ, ఈ అన్నానికి స్తోత్రం. నీళ్ళకు స్తోత్రం. మా దొనలో షాంపూ పోసుకున్న ఈ బిడ్డను క్షమించు తండ్రీ. డబ్బా తొక్కినాడు, క్షమించు. ఇంటల్లుణ్ణని నన్నే బెదిరించినాడు, క్షమించు. నాలుగు తూర్లు నీళ్ళు మోసినాడు, మూడో తూరి ఏడ్చినాడు. ఇప్పుడు పంచరని అబద్ధం ఆడినాడు, దాన్ని కూడా క్షమించు. మనసు మంచిదే తండ్రీ. బుద్ధే ఇంకా రావాల."

ప్రార్థన మధ్యలో అడ్డుపడే ధైర్యం ఎవరికుంటుంది? ఒక కన్ను తెరిచి చూశాను. ఎదురుగా సునంద కూడా ఒక కన్ను తెరిచే ఉంది, నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. ఆమెన్ అందరికంటే గట్టిగా అన్నది ఆమే.

"నరమానవునికి చెప్పనన్నావు కదా జేజీ!" అన్నాను మెల్లగా.

"యాడ చెప్పినా? నేను దేవునికి చెప్పుకుంటాంటే మీరందరూ ఇన్నారు."

సంబంధం పోలేదు. "అబద్ధం ఆడితే మొహంలో కనపడే మొగుడు దొరికేది కష్టం," అని ఒప్పుకుందట సునంద. ఇప్పటికీ నేను స్నానానికి వెళుతుంటే, "మేకలు తాగినాయా?" అని వంటింట్లోంచి అడుగుతుంది.

అందుచేత పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఏ కొండ మీదా, ఏ డబ్బానూ చెత్త అనను. ఏ దొనలోనూ తల ముంచను. ముఖ్యంగా, ప్రార్థన చేసే అలవాటున్న మనిషికి చచ్చినా రహస్యం చెప్పను.

ఈ ప్రమాణం సునందకు చదివి వినిపించాను. "ఆమెన్," అంది, ఆనాటికంటే గట్టిగా.