గోడ ఊపిరి

ఆర్కిటెక్టమ్మ గోళ్లలో ఎప్పుడూ మట్టే. ఎక్కడికెళ్లినా గుప్పెడు తీసి, తడిపి, ఉండ చేసి వాసన చూడందే ఊరుకోదు. "మా అక్కకి మట్టి పిచ్చి," అని తమ్ముడు నవ్వుతాడు. నక్షత్రాలు చూడటానికి వచ్చేవాళ్లకి విడిది గీయమంటే, టెలిస్కోపు చుట్టూ అక్కడి ఎర్రమట్టితో మందపాటి గోడ గీసి, ముచ్చటపడి ముందు దాన్నే కట్టించింది.

చీకటి పడగానే టెలిస్కోపులో చూసిన శాస్త్రవేత్త పెదవి విరిచాడు. "చుక్క వణుకుతోందండీ. పగలు తాగిన ఎండని మీ గోడ ఇప్పుడు వదులుతోంది. ఈ వేడిగాలిలో ఏదీ నిలకడగా కనబడదు." ఆమె గోడకి చెంప ఆనించింది, వెచ్చగా ఉంది. "అయితే పడగొట్టి, ఈ మట్టితోనే అల్లంత దూరాన పడకగదులు కడదాం, చలికి హాయి. ముందు నన్ను చూడనివ్వండి," అంటూ అతన్ని జరిపి కన్ను పెట్టింది. వణికే చుక్కనే చూస్తూ ఎంతసేపటికీ లేవలేదు. ఇన్నేళ్లుగా గోడలు కడుతోంది గానీ, గోడ ఊపిరి కంటికి కనబడటం ఇదే మొదలు.