ఒకటో నంబరు బిళ్ళ

డాక్టరమ్మ గారి క్లినిక్కులో ఆయన ఉద్యోగం కాంపౌండరు. కానీ అందరూ పిలిచేది బిళ్ళల బాబాయి అని. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీ వెనక గోడకి ఒక చెక్క పలక, పలక నిండా మేకులు, మేకులకి నంబర్లు చెక్కిన ఇత్తడి బిళ్ళలు. వచ్చినవాళ్ళకి వచ్చిన వరసలో ఒక్కో బిళ్ళ తీసి ఇస్తాడు. దాంతోపాటు నాలుగు చీవాట్లు కూడా పెడతాడు, అవి ఉచితం.

"జ్వరం పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చావా? అది ఒళ్ళా, ఇనప్పెట్టా? ఇంట్లో పడుకుంటే నీ సొమ్మేం పోయింది? పో, కూర్చో."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పాట. ఆ తిట్లు పడితే తప్ప సగం మందికి మందు పనిచెయ్యదని డాక్టరమ్మే అంటుంది.

పలక మీద మొదటి మేకు మాత్రం ఎప్పుడూ ఖాళీయే. ఒకటో నంబరు బిళ్ళ బాబాయి చొక్కా జేబులో ఉంటుంది. అది ఆగలేని మనిషికి. అడిగితే ఇవ్వడు. బతిమాలితే ఇవ్వడు. గట్టిగా అరిస్తే అసలే ఇవ్వడు. తలుపు దాటి లోపలికొచ్చిన మనిషిని పాదాల నుంచి నెత్తిదాకా ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపులో ఏదైనా తేడా తగిలిందా, మాట్లాడకుండా జేబులో చెయ్యి పెడతాడు. ఆ బిళ్ళ చూపిస్తే లోపల ఎవరున్నా సరే, డాక్టరమ్మ లేచి వస్తుంది.

ఇలాంటి మనిషి తనకి జ్వరమొస్తే ఏం చెయ్యాలి? ఊరికి చెప్పేదే తనూ చెయ్యాలి కదా! అబ్బే. తుమ్ములొచ్చినా వస్తాడు, దగ్గొచ్చినా వస్తాడు, నడుం పట్టేస్తే గోడ పట్టుకుని వస్తాడు. దానికో కారణం ఉంది.

పన్నెండేళ్ళ కిందట ఆయనకి గవదలు వాచాయి. రెండు రోజులు సెలవు పెట్టాడు. కుర్చీలో పక్క మందుల షాపు గుమాస్తా కూర్చున్నాడు. మంచివాడే పాపం, కానీ పెద్ద కార్లోంచి జలుబుతో దిగిన పెద్దమనిషిని చూసి హడలిపోయి ఒకటో నంబరు చేతిలో పెట్టేశాడు. అదే గదిలో, మూలన, ఒక టైలరు పంతొమ్మిదో నంబరు పట్టుకుని, "పర్లేదండీ, ఆగుతాను" అంటూ గుండె రాసుకుంటూ కూర్చున్నాడు. అది గుండెపోటు. ప్రాణం దక్కింది గానీ, ఆ మనిషి మళ్ళీ కత్తెర పట్టలేదు. ఆ సంగతి విన్నరోజు బాబాయికి అన్నం సయించలేదు. ఆనాటి నుంచి ఒక్క రోజు సెలవు పెట్టలేదు.

ఇక మన కథ జరిగిన రోజు. పొద్దున్నే భార్య ఆయన నోట్లో థర్మామీటరు పెట్టింది. నూట రెండు.

"ఇది పాతది. దానికే ఏదో రోగం వచ్చినట్టుంది" అన్నాడు.

"దానికి రోగమైతే దాన్నే తీసుకెళ్ళి మీ డాక్టరమ్మకి చూపించండి. మీరు పడుకోండి."

"నేను వెళ్ళకపోతే ఒకటో నంబరు ఎవరిస్తారే?"

"మీకు చెప్పినా ఒకటే, ఆ గోడకి చెప్పినా ఒకటే! గోడే నయం, ఎదురు చెప్పదు" అని ఆవిడ మఫ్లరు తెచ్చి, కసి కొద్దీ మెడకి నాలుగు చుట్లు చుట్టింది. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఆవిడకి తెలియంది కాదు.

క్లినిక్కులో డాక్టరమ్మ కంట పడకుండా, మూతికి గుడ్డ కట్టుకుని, కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందన్నమాట. తుమ్మొచ్చిన ప్రతిసారీ "ఈ స్పిరిట్ వాసనొకటి!" అని సీసాని తిట్టాడు. నంబర్లు ఒకటి రెండుగా కనిపిస్తున్నాయి. ఆరు ఇవ్వబోయి తొమ్మిది ఇచ్చాడు, మళ్ళీ లాక్కున్నాడు. తిట్లు కూడా మందకొడిగా ఉన్నాయి. ఒకావిడ "ఏంటి బాబాయ్, ఇవాళ నన్నేమీ అనలేదు?" అని చిన్నబుచ్చుకుంది.

అప్పుడొచ్చాడు బ్యాంకు గార్డు. యూనిఫారం, నెత్తిన టోపీ.

"బాబాయ్, కాస్త ముందు పంపించవా? పది గంటలకి డ్యూటీ ఎక్కాలి. ఒట్టి కడుపునొప్పే, ఒక మాత్ర రాయించుకుని పోతా."

"నీ ఒక్కడికేనా డ్యూటీ? అందరికీ డ్యూటీలే. ఒంట్లో బాగోలేనివాడు ఇంట్లో ఉండాలి గానీ, బ్యాంకులో నీకేం పని? పద్నాలుగు. పో" అన్నాడు బాబాయి. ఆ మాట అన్నది నూట రెండు జ్వరం! పాదాల నుంచి నెత్తిదాకా చూడనైతే చూశాడు. కానీ కనిపించింది యూనిఫారమొక్కటే.

బెంచీ చివర బీపీ మామ్మ కూర్చునుంది. ఆవిడ బీపీకి వారానికొకసారి వస్తే చాలు. ఇంట్లో తోచక రోజూ వస్తుంది. ఎక్కడికీ వెళ్ళే తొందర లేదు కాబట్టి బాబాయి ఆవిడకి రోజూ ఆఖరి నంబరే ఇస్తాడు. ఆవిడకి కావలసిందీ అదే. ఏళ్ళ తరబడి ఆ మూల నుంచి వచ్చేపోయేవాళ్ళనీ, వాళ్ళని చూసే బాబాయినీ చూస్తూనే ఉంది.

కాసేపటికి మామ్మ లేచి కిటికీ దగ్గరికొచ్చింది.

"ఏమయ్యా, ఆ గార్డుని చూశావా?"

"చూశాను మామ్మా. డ్యూటీ తొందర."

"తొందరున్నవాడు గడియారం చూస్తాడు. ఇతను నేల చూస్తున్నాడు. కూర్చోడు, నించోడు. కుడి పక్క పట్టుకుని వంగిపోతున్నాడు. ఇంకోసారి చూడు."

బాబాయి చూశాడు. టోపీ కింద మొహం పాలిపోయి, చెమట కారిపోతోంది. ఇంత కనబడుతుంటే ఎలా వదిలేశాడు తను? గబుక్కున జేబులో చెయ్యి పెట్టి తీయబోతే బిళ్ళ జారి నేల మీద ఖంగుమంది. మామ్మే వంగి తీసి గార్డు చేతిలో పెట్టింది.

అపెండిక్సు. ఇంకొంచెం ఆలస్యమైతే లోపల పగిలేదేనట. డాక్టరమ్మ అప్పటికప్పుడు మందుల షాపు వ్యానులో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపించింది.

బిళ్ళ తిరిగి కిటికీ దగ్గరికొచ్చింది. బాబాయి దాన్ని ముట్టుకోలేదు. పన్నెండేళ్ళుగా ఆ గుమాస్తాని మనసులో తిట్టుకుంటున్నాడే, ఇవాళ తను చేసిందేమిటి? ఆ మనిషి కారు చూశాడు, తను యూనిఫారం చూశాడు. ఏ తప్పు జరక్కూడదని జ్వరంతో వచ్చాడో, జ్వరంతో వచ్చి ఆ తప్పే చేశాడు.

"నా కన్ను తప్పింది మామ్మా" అన్నాడు.

మామ్మ ఓదార్చడానికి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, ఉలిక్కిపడి వదిలేసింది.

"ఓరి నీ దుంప తెగ! ఒళ్ళు పెనంలా కాలిపోతోంది కదయ్యా!"

అంతే, గదిలో ఉన్నవాళ్ళంతా లేచారు. ఇరవై ఎనిమిదేళ్ళ బాకీ ఒక్కసారే తీర్చేశారు.

"జ్వరం పెట్టుకుని వచ్చావా?"

"అది ఒళ్ళా, ఇనప్పెట్టా?"

"ఇంట్లో పడుకుంటే నీ సొమ్మేం పోయింది బాబాయ్?"

పొద్దున తిట్లు పడక చిన్నబుచ్చుకున్నావిడైతే రెండుసార్లు తిట్టింది. బాబాయి కుక్కిన పేనులా కూర్చున్నాడు. అంతలో లోపల గంట మోగింది. గంట మోగితే నంబరు పిలవాలి, అది ఆయన ఎముకల్లో ఇంకిపోయిన అలవాటు. కిటికీ దగ్గర ఏ బిళ్ళ ఉందో చూసి కేకేశాడు.

"ఒకటో నంబరు ఎవరండీ? లేవండి, లేవండి!"

ఎవరూ లేవలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. మామ్మ ఆ బిళ్ళ తీసి ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. గది గదంతా గొల్లుమని నవ్వింది. బాబాయికి నవ్వూ వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. బిళ్ళ పట్టుకుని బుద్ధిగా లోపలికి నడిచాడు.

"నాలుగు రోజులు ఇల్లు కదలకూడదు" అంది డాక్టరమ్మ.

"మరి ఒకటో నంబరు ఎవరిస్తారమ్మా?"

"ఇవాళ ఎవరిచ్చారు?"

బాబాయి బయటికొచ్చి, కుర్చీ వెనక్కి జరిపి మామ్మని కూర్చోబెట్టాడు. బిళ్ళ ఆవిడ చేతిలో పెట్టి, జేబు తేలికైపోగా ఇంటికి వెళ్ళి, రెండు రోజులు ఒళ్ళెరక్కుండా నిద్రపోయాడు. ఈయనెవరి మొగుడో అన్నట్టు భార్య మాటిమాటికీ వచ్చి చూసుకుంది.

అయిదో రోజు పొద్దున్నే క్లినిక్కుకొచ్చేసరికి మామ్మ కుర్చీలో దర్జాగా కూర్చునుంది.

"గార్డు ఎలా ఉన్నాడు మామ్మా?"

"నిక్షేపంలా ఉన్నాడు. మత్తు దిగి కళ్ళు తెరవగానే, డ్యూటీకి ఎవరెళ్ళారని అడిగాట్ట."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. బాబాయి చెయ్యి చాపాడు. మామ్మ బిళ్ళ ఇవ్వలేదు.

"ముందు నుదురు ఇలా పెట్టు" అంది.

ఆయన వంగాడు. మామ్మ అరచేత్తో చూసింది, తిప్పి చేతి వెనకతోనూ చూసింది.

"చల్లగానే ఉంది. ఇంద."

ఇప్పుడు ఒకటో నంబరు రాత్రిళ్ళు మామ్మ దగ్గరే ఉంటుంది. రోజూ పొద్దున్నే బాబాయి నుదురు వంచాకే అది ఆయన జేబులోకి వెళుతుంది.